కర్త లేని వాక్యాలు

పోయిన చలికాలం దోహాలో ఒక మిత్రుల ఇంట్లో నాలుగు కుటుంబాలవాళ్ళం కలిశాం. గురువారం రాత్రి, మర్నాడు ఎవరికీ ఆఫీసు లేదు. భోజనాలయ్యాక ఎవరో "తారే జమీన్ పర్" పెట్టారు. 2007 నాటి సినిమా, అందరం రెండు మూడుసార్లు చూసిందే. అయినా చివర్లో ఇషాన్ వెనక్కి పరుగెత్తుకొచ్చి నికుంభ్ మాస్టారి చేతుల్లోకి ఎగిరేసరికి హాల్లో సగంమంది కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను, దాచుకోవడం దేనికి. అప్పుడు ఒకావిడ నిట్టూర్చి, "మావాడికీ అలాంటి మాస్టారొకరు దొరికితే చాలండీ, ఇంకేం అక్కర్లేదు" అంది.

ఇంటికి కారు నడుపుకుంటూ వస్తున్నంతసేపూ ఆ మాట నన్ను వదల్లేదు. ఆవిడ కొడుకూ మావాడూ ఒకే రకం పిల్లలు. తెలివికి లోటు లేదు, నోటికి అంతకంటే లేదు, అచ్చులో ఉన్న అక్షరం దగ్గరికి వచ్చేసరికి మాత్రం బండి ఆగిపోతుంది. ఆవిడ కోరుకున్నది నేనూ రెండేళ్ళు కోరుకున్నాను. ఆ రెండేళ్ళూ ఎలా పోయాయో చెప్పుకోవడానికే ఈ వ్యాసం.

నేను సాహిత్య విమర్శకుణ్ణి కాను. ఇంజనీరింగు చదివి, ఇరవయ్యేళ్ళుగా సాఫ్ట్‌వేర్ రాసి బతుకుతున్నవాణ్ణి. నాకు తెలిసిన విమర్శల్లా ఒకరు రాసిన కోడుని ఇంకొకరు వరసవారీగా చదివి "ఇది ఇక్కడ విరుగుతుంది" అని చెప్పడం. ఆ పద్ధతిలోనే ఒక సినిమానీ, ఒక పుస్తకాన్నీ, ఒక స్కూలు కాగితాన్నీ చదవబోతున్నాను. మూడోది రచన ఎలా అవుతుందని అడిగితే, మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువసార్లు చదివిన రచన అదే.

ముందు సినిమా. ఇషాన్ అవస్థీ మూడో తరగతి రెండోసారి చదువుతున్నాడు. స్కూలువాళ్ళు తల్లిదండ్రుల్ని పిలుస్తారు. టీచర్లు వరసగా ఫిర్యాదులు చెబుతారు, ప్రత్యేక పాఠశాల అన్న మాట మెల్లగా జారవిడుస్తారు. తండ్రికి ఒళ్ళు మండి పిల్లవాణ్ణి పంచగని హాస్టల్లో పడేస్తాడు. అక్కడికి తాత్కాలికంగా వచ్చిన డ్రాయింగు మాస్టారు నికుంభ్, నోటు పుస్తకాలు తిరగేసి, ఆ తప్పుల్లో ఒక వరస ఉందని పట్టుకుంటాడు. ముంబయి వెళ్ళి తల్లిదండ్రులకి చెబుతాడు. తండ్రి "చదవకపోవడానికి ఇవన్నీ సాకులు" అన్న ధోరణిలో మాట్లాడితే, పరాయి లిపిలో అచ్చయిన డబ్బా ఒకటి చేతికిచ్చి చదవమంటాడు చూడండి, ఆ దృశ్యం రాసిన అమోల్ గుప్తేకి దణ్ణం పెట్టాలి. వంద కరపత్రాలు చెప్పలేనిది అర నిమిషంలో చెప్పేశాడు.

నా పేచీ ఆ తర్వాతి దృశ్యంతో. నికుంభ్ ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళి, కొన్నాళ్ళపాటు ఇషాన్ స్పెల్లింగు పట్టించుకోవద్దనీ, జవాబులు నోటితో చెప్పనివ్వమనీ, వారానికి కొన్ని గంటలు తను కూర్చుని చెబుతాననీ అడుగుతాడు. ప్రిన్సిపాల్ సరేనంటాడు. పిల్లవాడి జీవితం మలుపు తిరిగిన మీటింగు నిజానికి అదే. ఆ గదిలో తల్లి లేదు. తండ్రి లేడు. ఒక్క ముక్క కాగితం మీద పడలేదు. ఇద్దరు పెద్దమనుషుల మధ్య మాట, అంతే. ఆ ఒప్పుకున్న పెద్దమనిషి రిటైరైతే? మాస్టారు ఎలాగూ తాత్కాలికమే. వేసవి సెలవులై ఇషాన్ నాలుగో తరగతికి వస్తే, లెక్కల మేష్టారికి ఈ సంగతి ఎవరు చెబుతారు? మా ఆఫీసులో సిస్టమంతా ఒక్కడి బుర్రలో ఉంటే, వాడు సెలవు పెట్టిన రోజున ఏమవుతుందో అందరికీ తెలుసు. సినిమా ఆ రోజు రాకముందే అయిపోతుంది.

ఇంకొకటి. ఇషాన్ తల్లి మాయ పిల్లల చదువు కోసం ఉద్యోగం మానుకున్న మనిషి. ఆ పిల్లవాడి గురించి అందరికంటే ఎక్కువ తెలిసింది ఆవిడకే. మాట్లాడే అవకాశం అందరికంటే తక్కువ వచ్చిందీ ఆవిడకే. ఆవిడ ఇంటర్నెట్లో డిస్‌లెక్సియా గురించి చదువుతోందన్న సంగతి కూడా మనకి తండ్రి నోటే తెలుస్తుంది, అదీ మాస్టారి దగ్గర తమ పరువు కాపాడుకునే ప్రయత్నంగా. అప్పుడు నికుంభ్ ఆయనకి మంచి చురకే వేశాడు. కానీ "మీ ఆవిడని రేపు తీసుకురండి, ముగ్గురం ప్రిన్సిపాల్ దగ్గర కూర్చుందాం" అని మాత్రం అనలేదు. నేను రాసి ఉంటే ఆ వాక్యం పెట్టేవాణ్ణి. సినిమా ఆడేది కాదేమో!

మన పాత సినిమాలు ఇంతకంటే మెరుగేం కాదు. 1986లో వచ్చిన "స్వాతిముత్యం" శివయ్యని చూసి మురిసిపోయాం, అలాంటి పిల్లవాణ్ణి బడి ఏం చేయాలో ఆ కథకి అవసరం పడలేదు. 1990 నాటి మణిరత్నం "అంజలి"లో తండ్రి బిడ్డ పుట్టగానే పోయిందని తల్లికే అబద్ధం చెప్పి దాస్తాడు, చివరికి ఆ పాప చనిపోతుంది. అంత గొప్ప దర్శకుడికీ ఆ పిల్లని మరుసటి జూన్‌లో బడికి పంపే దారి దొరకలేదు.

పుస్తకం విషయానికొస్తే, "రైలుబడి" మీలో చాలామంది ఇళ్ళలో ఉండే ఉంటుంది. తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసుకున్న "తొత్తోచాన్", 1981లో జపానులో వచ్చింది. దాని మొదట్లోనే ఒక పేరెంట్ మీటింగు ఉందని మీకు గుర్తుందా? నాకు మావాడి గొడవ మొదలయ్యేదాకా గుర్తులేదు. టీచరు తల్లిని పిలిపించి చిట్టా విప్పుతుంది: బల్ల మూత ఊరికే తెరుస్తుంది మూస్తుంది, కిటికీ దగ్గర నిలబడి వీధిలో పోయే వాద్యగాళ్ళని పిలుస్తుంది, పిట్టతో మాట్లాడుతుంది, ఇక మా వల్ల కాదు, తీసుకుపొండి. ఆ తల్లి నోరెత్తదు. బిడ్డకి చెప్పదు. ఇంకో బడి వెతుకుతుంది. నిన్ను ఆ బడి నుంచి వెళ్ళగొట్టారమ్మా అన్న సంగతి కూతురికి ఇరవయ్యేళ్ళు వచ్చాకగానీ బయటపెట్టదు. కొత్త బడిలో కొబయాషి మాస్టారు ఆ పిల్ల చెప్పే కబుర్లన్నీ నాలుగు గంటలు కూర్చుని వింటాడు.

ఆ తల్లంటే నాకు ఎనలేని గౌరవం. కానీ వరసవారీగా చదివితే ఇక్కడా ఒక ఖాళీ కనిపిస్తుంది. టీచరు చెప్పిన చిట్టాకి ఎదురు ప్రశ్న ఒక్కటీ లేదు. ఆవిడకి ఆ అవసరం లేదు, ఎందుకంటే రైలెక్కి వెళ్ళగలిగేంత దూరంలో తొమోయె బడి ఉంది. మాకేది? దోహాలో ఒక ఇండియన్ స్కూలు వద్దంటే ఇంకో దాంట్లో సీటు దొరకడం మన చేతుల్లో లేదు. దొరక్కపోతే జరిగేది గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. తల్లీబిడ్డలు హైదరాబాదో విజయవాడో విమానం ఎక్కుతారు, తండ్రి ఫ్లాటు ఖాళీచేసి "బ్యాచిలర్" అవుతాడు. నలభై ఐదేళ్ళ బ్యాచిలర్లు మా ఆఫీసులోనే ఉన్నారు. పిల్లవాడి చదువు మాట ఎత్తినప్పుడు మేం భయపడేది మార్కుల గురించి కాదు.

ఒక చిత్రం చెప్పాలి. "తారే జమీన్ పర్" 2007 డిసెంబర్ 21న విడుదలైంది. దానికి సరిగ్గా మూడు రోజుల ముందు, డిసెంబర్ 18న, ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ ఏప్రిల్ 2ని ప్రపంచ ఆటిజం అవగాహన దినంగా ప్రకటించింది. ఆ ప్రతిపాదన తెచ్చింది ఖతారే. ఇషాన్‌ది ఆటిజం కాదు, రెండూ వేరువేరు. కానీ ఈ దేశం ఈ విషయంలో వెనకబడి ఉందని ఎవరైనా అంటే ఒప్పుకోను. 2004లోనే ప్రత్యేక అవసరాలున్నవారి కోసం చట్టం చేశారు. షఫల్లా సెంటర్ ఉంది, అవ్సాజ్ అకాడమీ ఉంది, ఆటిజం పిల్లల కోసం 2016లో రెనాద్ అకాడమీ వచ్చింది. మన దేశంలోనూ 2016 చట్టం వైకల్యాల జాబితాని ఏడు నుంచి ఇరవై ఒకటికి పెంచింది, చదవడంలో రాయడంలో వచ్చే ఇబ్బందులూ ఆటిజమూ అందులో చేరాయి. సీబీఎస్ఈ పదో తరగతి పరీక్షలో అలాంటి పిల్లలకి మూడు గంటల పేపరుకి గంట అదనంగా ఇస్తారు. అన్నీ ఉన్నాయి. కానీ మావాడి రోజు గడిచేది చట్టంలో కాదు, ముప్ఫై మందికి పైగా ఉన్న ఒక క్లాసులో. అక్కడ ఏం జరుగుతుందో నిర్ణయించేది మూడు పేజీల కాగితం.

దాన్ని ఐఈపీ అంటారు. ఫలానా పిల్లవాడికి ఈ ఏడాది ప్రత్యేకంగా ఏం నేర్పాలి, ఎవరు నేర్పాలి, నేర్చుకున్నాడో లేదో ఎలా తెలుస్తుంది అని రాసుకునే కాగితం. అమెరికాలో 1975 చట్టంతో పుట్టింది. ఆ చట్టం మంచి మాస్టార్ల దయవల్ల రాలేదండోయ్. అంతకుముందు పెన్సిల్వేనియాలో మందబుద్ధి అని ముద్రపడిన పిల్లల తల్లిదండ్రుల సంఘం కోర్టుకెక్కింది, వాషింగ్టన్‌లో ఇంకొందరు ఎక్కారు, 1972 నాటికి రెండూ నెగ్గాయి. అందుకే అక్కడ ఆ బల్ల దగ్గర తల్లిదండ్రులకి కుర్చీ చట్టం వేసింది. భాష రాకపోతే దుబాసీని అడగొచ్చు, పిల్లవాడి సంగతి తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్ళొచ్చు, అడిగింది కాదంటే ఎందుకు కాదో రాసివ్వాలి. అమెరికాలో ఉన్న మన పాఠకులు ఈ హక్కుల్ని వాడుకుంటున్నారనే అనుకుంటున్నాను. మా స్కూళ్ళలో కాగితం పేరు అదే, కుర్చీ మాత్రం మర్యాదకి వేసినది.

మా మొదటి మీటింగు ఒక ఆదివారం పొద్దున్న ఏడున్నరకి. (స్కూలు పేరు రాయను, ఎవరూ ఊహించుకోవద్దు.) బల్లకి అటువైపు నలుగురు, ఇటువైపు మేమిద్దరం. మూడు పేజీలు ముందుకు తోశారు. నేను అడిగిన ప్రశ్న ఒక్కటే: "సంతకం ఎక్కడ పెట్టాలి మేడమ్?" కారెక్కాక మా ఆవిడ అంది: "రాత్రి పదింటిదాకా ఫోన్లో ఆ కుర్రాళ్ళని అన్ని ప్రశ్నలేస్తారు. ఇక్కడ ఒక్కటీ రాలేదేం?" నా దగ్గర జవాబు లేదు. ఆ మధ్యాహ్నమే ఆఫీసులో, పరీక్షించిన రుజువు లేదని ఒక ప్రోగ్రాము విడుదల ఆపేశాను.

ఏడాది తిరిగాక కొత్త కాగితం వచ్చింది. అలవాటు కొద్దీ పాతదాని పక్కన పెట్టి చూశాను. తేదీ మారింది, తరగతి మారింది. మిగతాదంతా అక్షరం పొల్లుపోకుండా అదే. "సులభమైన పదాలు చదవగలడు" అని రెండింట్లోనూ ఉంది. మావాడు దారిలో లులూ బోర్డు, అల్ మీరా బోర్డు చూసి టక్కున చెప్పేవాడు. ఆ రాత్రి అవే పేర్లు తెల్ల కాగితం మీద పెన్సిలుతో రాసిచ్చాను. చాలాసేపు చూశాడు. "నాన్నా, దీనికి రంగేది?" అన్నాడు.

తర్వాత తెలిసింది, అమెరికా సుప్రీంకోర్టుకి వెళ్ళిన ఒక కేసులోనూ ఇదే సంగతి ఉందని. కొలరాడోలో ఎండ్రూ అనే ఆటిజం ఉన్న పిల్లవాడి ఐఈపీల్లో ఏటేటా దాదాపు అవే లక్ష్యాలు తిరిగి రాస్తూ వచ్చారు. తల్లిదండ్రులు 2010లో మాన్పించి ప్రైవేటు బడిలో వేశారు, ఏడేళ్ళు పోరాడారు. 2017లో కోర్టు ఏకగ్రీవంగా, నామమాత్రపు ప్రగతి చాలదని చెప్పింది. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చదవడం, సాహిత్యంలో పాఠాంతరాలు పోల్చడమంటే ఇంతే కదా!

ఇక ఆ కాగితం శైలి. అందులో అతి ముఖ్యమైన వాక్యం, నాకు కంఠతా వచ్చినది ఇది: "సపోర్ట్ విల్ బి ప్రొవైడెడ్ యాజ్ అండ్ వెన్ రిక్వైర్డ్." చదవడానికి నున్నగా ఉంటుంది. నేను రెండేళ్ళు దీని మీద చెయ్యి జారుకుంటూనే ఉన్నాను. దాని లోపల ఏముందో నాకు చూపించింది, ఆ రాత్రి సినిమా చూసి నిట్టూర్చిన ఆవిడ.

ఆవిడది నెల్లూరు దగ్గర పల్లె, ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఆయన ఒక కట్టడాల కంపెనీలో సూపర్‌వైజరు. జనవరిలో వాళ్ళకి మీటింగు ఉందంటే ముందురోజు కాగితం పట్టుకుని ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. "నాకు ఇంగ్లీషు రాదన్నయ్యా, మీరు వచ్చి మాట్లాడండి" అంది. నేను మాట్లాడను, పక్కన కూర్చుని రాసుకుంటాను అన్నాను. పెళ్ళి సంబంధానికి వెళ్ళినా తోడుగా ఒక పెద్దమనిషిని తీసుకెళ్ళే జాతి మనది, దీనికి మాత్రం ఒంటరిగా పోతామేమిటి? సరే, ముందు అర్థం చెప్పమంది. ఆ వాక్యాన్ని తెలుగులోకి తిప్పాను: "అవసరమైనప్పుడు సహాయం అందించబడుతుంది."

"ఎవరు అందిస్తారు?"

"అది రాయలేదమ్మా."

"మరి కర్త లేకుండా వాక్యం ఎట్లా రాశారన్నయ్యా? మా తెలుగు మేష్టారు కర్మణి వాక్యం చెప్పినా 'రామునిచే రావణుడు చంపబడెను' అనేవారు. రామునిచే అని ఉండాలి గదా!"

నేను నవ్వాను కానీ వెంటనే ఆగిపోయాను. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. మన భాషలో "బడు" పెడితే చెవికి గుచ్చుకుంటుంది, చేసినవాడెవడని మనసు వెతుక్కుంటుంది. ఇంగ్లీషులో ఆ గుచ్చుకోవడం నాకు ఎప్పుడో పోయింది. ఇంగ్లీషు బాగా వచ్చినందుకే నేను మోసపోయాను. ఆ రాత్రి ముగ్గురం మూడు పేజీలూ ఇంట్లో బామ్మకి చెప్పినట్టు తెలుగులోకి దించాం. కర్త దొరకని చోటల్లా ఆవిడ పెన్సిలుతో సున్నా చుట్టింది. తర్వాత "అవసరమైనప్పుడు" అంటే ఎప్పుడో తెలియని చోట, "మెరుగుపడతాడు" అంటే ఎంతో తెలియని చోట. మొదటి పేజీలోనే పదకొండు సున్నాలు వచ్చాయి.

మీటింగులో ఆవిడ అడిగింది నాలుగే మాటలు, సగం ఇంగ్లీషు, సగం హిందీ. ఎవరు మేడమ్? ఏ రోజు? ఎంతసేపు? ఫిబ్రవరి నెలాఖరుకి వాడు ఏది చదివితే మీరు "చదివాడు" అని రాస్తారు? మొదటి రెండు ప్రశ్నలకి కోఆర్డినేటర్ మొహం చిట్లించింది. న్యాయంగా చెప్పాలంటే ఆవిడా మనలాంటిదే. కేరళ నుంచి వచ్చి, తన పిల్లల్ని ఆ స్కూల్లోనే చదివించుకుంటూ, అరవైమంది ఇలాంటి పిల్లల కాగితాలు ఒక్కతే రాస్తోంది. అన్ని కాగితాలు రాసేవాళ్ళకి కర్త లేని వాక్యం ఒక రకం చలివేంద్రం, కాస్త ఊపిరి తీసుకోవచ్చు. మేం గొంతు పెంచలేదు. ఆవిడ కాసేపు ఆలోచించి పెన్ను తీసి, ఒక టీచరు పేరు, ఆదివారం మంగళవారం, ముప్ఫై నిమిషాలు అని చేత్తో రాసింది. రెండో తరగతి పుస్తకంలో ఒక పేజీ చూపించి, ఇది పది తప్పుల లోపు చదవాలి అంది. నేను అదంతా రాసుకుని ఆ సాయంత్రం వాళ్ళాయన పేరు మీద ఈమెయిల్ తయారుచేసి పెట్టాను: ఈ రోజు మనం అనుకున్నవి ఇవీ, పొరపాటుంటే దిద్దండి. సంతకం మాత్రం మూడు రోజుల తర్వాత పెట్టారు. పరీక్షల్లో నోటితో జవాబులు చెప్పనివ్వాలన్న కోరిక ఒప్పుకోలేదు. కుదరదని కాగితం మీద రాయమంటే అదీ రాయలేదు. అన్నీ దొరకవు.

ఇలా అడిగితే సీటుకే ఎసరు వస్తుందేమో అని నన్ను చాలామంది అడిగారు. ఆ భయం ఉత్తది అని నేను చెప్పను. వెళ్ళిన మీటింగుల్లో అలా జరగడం నేను చూడలేదు, రెండు చోట్ల మాత్రం తర్వాత నెలలపాటు మాటల్లో చలి కనిపించింది. కానీ అడగని నా రెండేళ్ళలో మావాడు బోర్డుల రంగులు తప్ప ఏమీ నేర్చుకోలేదు. 2025లో అదే పేరుని తలపించేలా "సితారే జమీన్ పర్" వచ్చింది, ఈసారి మాస్టారి బదులు బాస్కెట్‌బాల్ కోచ్. సరదాగా ఉంది. బల్ల దగ్గర కూర్చుని "ఎవరు మేడమ్?" అని అడిగే తల్లి కథ మాత్రం ఎవరైనా తెలుగులో రాస్తే చదవాలని ఉంది. మన కథకులకి విషయం కావాలంటే దోహాలో ఏ ఆదివారమైనా దొరుకుతుంది.

మే నెలలో వాళ్ళాయన ప్రాజెక్టు అయిపోయింది. కంపెనీ ఇంకో చోట వెయ్యలేదు, నలుగురూ నెల్లూరు వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ఆవిడ ఆ మూడు పేజీలూ, ఈమెయిలూ, పిల్లవాడు ఫిబ్రవరిలో చదివిన పేజీ మీద ఆ టీచరు పెట్టిన గుర్తులూ ఒక ప్లాస్టిక్ ఫైల్లో పెట్టుకుంది. మొన్న ఫోన్ చేసింది. కొత్త బడిలో హెడ్మాస్టరు ఫైలు తిరగేసి, "ఇవన్నీ మా దగ్గర కుదరవమ్మా" అన్నాడట.

"ఏది కుదరదు సార్, రెండోదా, మూడోదా?" అని అడిగిందట. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, రెండోది పైకి చదవడం మొదలుపెట్టాడట.